ఆయన మాట కాదంటే మేలు మరిచినవాళ్ళమవుతామా?

కాలిఫోర్నియాలోని బే ఏరియాలో, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో ఉంటున్న ఒక సోదరి, పేరూ ఊరూ ప్రచురించవద్దని కోరుతూ, ఒక సుదీర్ఘమైన లేఖ రాశారు. దాని సారాంశం ఇది. ఆమె భర్త హెచ్-1బి వీసా మీద అమెరికాకు వచ్చిన కొత్తలో వీళ్ళను విమానాశ్రయం నుంచి తీసుకెళ్ళి, అద్దె ఇల్లు దొరికేదాకా తన ఇంట్లో ఉంచుకున్న పెద్దాయన ఒకరున్నారు. ఆయనను వీళ్ళు అన్నయ్య అని, ఆయన భార్యను వదిన అని పిలుస్తారు. 2023లో భర్త ఉద్యోగం పోయి, కొత్త ఉద్యోగం చూసుకోవడానికి నిబంధనలు ఇచ్చే 60 రోజుల గడువు కరిగిపోతున్న సమయంలో, తన పరిచయాలతో ఇంటర్వ్యూ ఇప్పించి, ఆ కుటుంబం పెట్టేబేడా సర్దుకోవలసిన అవసరం రాకుండా చూసిందీ ఆయనే.

ఈ స్నేహబృందం ఏటా వేసవిలో క్యాంపింగ్‌కు వెళుతుంది. గత ఆగస్టులో నాలుగు కుటుంబాలు స్టానిస్లాస్ నేషనల్ ఫారెస్ట్‌లో, సొనోరా పాస్ వైపు వెళ్ళే 108వ నంబరు రహదారి మీద నుంచి ఒక మట్టిరోడ్డులోకి మళ్ళి, సుమారు ఏడున్నర వేల అడుగుల ఎత్తులో వాగు ఒడ్డునున్న ఒక పచ్చిక బయలులో గుడారాలు వేసుకున్నాయి. రోడ్డు మలుపులోనే చలిమంటలు నిషేధమని బోర్డు ఉంది. "పక్కనే వాగుంది, భయమెందుకు" అంటూ అన్నయ్యగారు మంట వేశారు. అర్ధరాత్రి గాలి లేచి, నిప్పురవ్వ ఒకటి పడి పిల్లలు కూర్చున్న చాప అంచు కాలింది. తెల్లవారి బయలుదేరేటప్పుడు బూడిద ఇంకా వెచ్చగానే ఉందని ఈమె ఒక్కరే వాగు నుంచి గిన్నెలతో నీళ్ళు తెచ్చి పోస్తుంటే, "ఆరిపోయిందిలేమ్మా, పద" అని ఆయన కారెక్కారు. ఇంటికొచ్చాక ఈమె వాట్సాప్ గ్రూపులో ఒక ఘాటైన సందేశం పెట్టారు. చాలాకాలం మాటలు లేవు. ఉగాది నాడు మళ్ళీ కలిశారు కానీ ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఈ ఏడాది అలా జరగకూడదని ఆమె చలికాలంలోనే, ఆగస్టు మొదటి వారానికి, అదే దారిలో 50 మందికి సరిపడే గ్రూప్ క్యాంప్‌గ్రౌండ్ (గుంపులు గుడారాలు వేసుకునేందుకు వసతులతో ఏర్పాటు చేసిన స్థలం) ఒకటి తన పేరు మీద బుక్ చేశారు. ఇప్పుడు అన్నయ్యగారు దాన్ని రద్దు చేయమంటున్నారు. ఆ పచ్చిక బయలులో ఉచితంగా ఉండవచ్చునని, ఎంతమందైనా రావచ్చునని ఆయన వాదన. ఆయన పిలుపు మీద క్రికెట్ జట్టువాళ్ళు, ఆఫీసు మిత్రులు చేరి ఇప్పటికే 63 మంది వస్తామన్నారు. తెనాలి నుంచి వచ్చిన అత్తమామలు కూడా ఇప్పుడు వీళ్ళ దగ్గరే ఉన్నారు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, మామగారికి రక్తపోటు. భర్త మాత్రం "రెండు రాత్రులే కదా, సర్దుకుపో" అంటున్నారు. "మానేస్తే మేలు మరిచినవాళ్ళమవుతాము. వెళితే ఆ రెండు రాత్రులూ నాకు కంటి మీద కునుకు ఉండదు. నేను అతిగా ఆలోచిస్తున్నానా?" అని ఆమె ప్రశ్న.

సమాధానం:

అమ్మా, ముందుగా మీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను. మీరు అతిగా ఆలోచించడం లేదు. అయితే మీ లేఖలో రెండు వేరు వేరు విషయాలు ఒకే ముడిలో బిగుసుకుపోయి ఉన్నాయి. అన్నయ్యగారు మీకు చేసిన మేలు ఒకటి. ఆ అడవిలో ఎక్కడ, ఎంతమంది, ఎలా ఉండవచ్చునన్నది రెండవది. మొదటిది మీ కుటుంబం ఆయనకు పడ్డ ఋణం. దాన్ని మీరు డబ్బుతోనో, శ్రమతోనో, ఆయన ఇంట్లో పెళ్ళికి పది రోజుల ముందు వెళ్ళి నిలబడడంతోనో తీర్చుకోవచ్చు. రెండవది మీ చేతిలో ఉన్న వస్తువు కాదు. ఎండిపోయిన అడవిలో నిప్పు పెట్టే వెసులుబాటును మీరు ఆయనకు కానుకగా ఇవ్వలేరు. మీవారు "సర్దుకుపో" అన్నప్పుడు ఈ రెంటినీ కలిపేస్తున్నారు. అందుకే మీకు ఊపిరాడడం లేదు.

నిప్పు సంగతి కొంచెం వివరంగా చెప్పుకుందాం, ఎందుకంటే మీ భయానికి మూలం అదే, అన్నయ్యగారు తేలికగా తీసుకుంటున్నదీ అదే. మీరు వెళ్ళాలనుకుంటున్న స్టానిస్లాస్ అడవిలోనే 2013 ఆగస్టు 17న రిమ్ ఫైర్ అనే కార్చిచ్చు మొదలైంది. అది రెండున్నర లక్షల ఎకరాలకు పైగా కాల్చి, యోసెమిటీ నేషనల్ పార్కులోకి కూడా వ్యాపించింది. ఒక వేటగాడు అనుమతి లేకుండా వేసుకున్న మంట అదుపు తప్పడమే దానికి కారణమని ఫారెస్ట్ సర్వీస్ ప్రకటించింది. ఆయనా దాన్ని చిన్న మంట అనుకునే వేసి ఉంటాడు. పక్కన వాగు ఉండడం ఏ రకంగానూ రక్షణ కాదు. గాలికి లేచిన రవ్వ వాగును దాటి అవతలి గట్టు మీది ఎండుగడ్డిలో పడుతుంది, మీరు బిందె తీసుకుని నీళ్ళలోకి దిగేలోపు అది తన పని తాను చేసుకుపోతుంది. పైకి ఆరినట్టు కనిపించే నిప్పు చెట్ల కింద పేరుకున్న ఆకుతుక్కు పొరలోనూ, వేళ్ళలోనూ రోజుల తరబడి రాజుకుంటూ ఉండగలదు. అందువల్ల ఆ ఉదయం మీరు ఒక్కరే గిన్నెలతో నీళ్ళు మోయడం చాదస్తం కాదు. అక్కడున్న పెద్దవాళ్ళందరూ చేయవలసిన పని అది. నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోసి, మండినచోట చేయి పెట్టి వెచ్చదనం లేదని తేల్చుకున్నాకే కదలాలని అక్కడి అటవీ సిబ్బంది చెబుతారు.

ఇక నిబంధనలు. కాలిఫోర్నియాలో క్యాంప్‌గ్రౌండ్ కాని చోట, అంటే మీ పచ్చిక బయలు లాంటి చోట, మంటల మీద ఆంక్షలు లేని రోజుల్లో సైతం మంటకు గానీ గ్యాస్ పొయ్యికి గానీ క్యాంప్‌ఫైర్ పర్మిట్ ఉండాలి. అది ఉచితం. ఇంటర్నెట్‌లో చిన్న వీడియో చూసి కొన్ని ప్రశ్నలకు జవాబిస్తే వస్తుంది, ఆ క్యాలెండర్ సంవత్సరం చివరిదాకా చెల్లుతుంది. ఆంక్షలు అమల్లోకి వచ్చాక అలాంటి చోట కట్టెలూ బొగ్గులూ పూర్తిగా బంద్. పర్మిట్ ఉన్నవాళ్ళు మీట తిప్పి ఆర్పగలిగే గ్యాస్ పొయ్యి మాత్రం సాధారణంగా వాడుకోవచ్చు. ఆగస్టు మొదటి వారానికి ఆ కొండల్లో ఆంక్షలు ఉంటాయనే అనుకుని మీ ఏర్పాట్లు చేసుకోండి. వాటిని ఉల్లంఘిస్తే ఒక వ్యక్తికి 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. మంట పాకితే ఆర్పిన ఖర్చు కూడా ప్రభుత్వం రాబట్టుకోవచ్చు. వీసాల మీద ఉన్న కుటుంబాలకు ఇంకొక మాట కూడా చెప్పాలి. గ్రీన్‌కార్డు దరఖాస్తులో మీకు ఎప్పుడైనా సైటేషన్ (నిబంధన ఉల్లంఘించారంటూ అధికారులు ఇచ్చే నోటీసు) ఇచ్చారా అని అడిగే ప్రశ్న ఉంటుంది. అలాంటిది మీ దరఖాస్తు మీద ఎంత ప్రభావం చూపుతుందన్నది ఇమిగ్రేషన్ న్యాయవాది చెప్పవలసిన మాట. నేను ఇది మిమ్మల్ని బెదిరించడానికి రాయడం లేదు. ఆ గ్రూపులోని మగవాళ్ళలో కొందరికి అడవి గురించి చెబితే ఎక్కని విషయం ఈ ఒక్క వాక్యంతో ఎక్కుతుందని రాస్తున్నాను.

ఉచితం, ఎంతమందైనా రావచ్చు అన్న వాదనలో సగం నిజం ఉంది. నేషనల్ ఫారెస్టులు నేషనల్ పార్కుల లాంటివి కావు. వాటిని చూసేది వ్యవసాయ శాఖ కింద ఉన్న ఫారెస్ట్ సర్వీస్. అందులో నిషేధించని చోట్ల, క్యాంప్‌గ్రౌండ్లకు బయట, రుసుము లేకుండా గుడారం వేసుకునే వీలు చాలావరకు ఉంది. ఆ స్వేచ్ఛ చాలా విలువైనది, అన్నయ్యగారు దాన్ని ఇష్టపడడంలో తప్పేమీ లేదు. కానీ 75 మంది గానీ అంతకు మించి గానీ ఒకచోట చేరితే, అది వ్యాపారం కాకపోయినా, ముందుగా అనుమతి తీసుకోవాలి. మీ లెక్క 63 దగ్గర ఉంది, పిలుపులు ఇంకా ఆగలేదు. క్రికెట్ జట్టులో ఇద్దరు ముగ్గురు కుటుంబాలతో వస్తే చాలు, ఆ గీత దాటిపోతారు.

గీత దాటకపోయినా 63 మందికి ఆ చోటు సరిపోదు. ఈ అడవి ఉన్న సియెర్రా కొండల్లోని పచ్చిక బయళ్ళు కరిగిన మంచునీటిని మెల్లగా పీల్చుకుని, వేసవి పొడుగునా వాగులోకి వదులుతూ ఉంటాయి. ఆ మెత్తటి నేల మీద కారు చక్రం దిగబడితే పడిన గాడి అక్కడితో పూడదు. తరువాతి ఏడు మంచు కరిగినప్పుడు నీరు ఆ గాడి వెంటే పరుగెత్తి, దాన్ని ఇంకా లోతుగా కోసుకుంటూ పోతుంది. బయలు కొంచెం కొంచెంగా ఎండుతుంది. మీరు ఇరవై కార్ల దాకా లెక్క వేశారు. అవన్నీ ఎక్కడ ఆగుతాయో మీ లేఖలో లేదు, అన్నయ్యగారి ప్రణాళికలోనూ ఉన్నట్టు లేదు. ఏ రోడ్ల మీద వాహనాలు నడపవచ్చో చూపే పటాన్ని ఫారెస్ట్ సర్వీస్ ఉచితంగా ఇస్తుంది. దాన్ని దాటి గడ్డి మీదకు కారు ఎక్కించడం నేరమే. గుడారాలు కూడా పచ్చిక మీద కాకుండా, నీటికి 200 అడుగుల దూరంలో, చెట్ల అంచున గట్టి నేల మీద వేసుకోవడం అడవిలో తిరిగేవాళ్ళు పాటించే పద్ధతి. అంటే సుమారు డెబ్బై అంగలు. అది మీకూ మంచిదే. రాత్రి చల్లగాలి పల్లంలోకి దిగి పచ్చిక మీదే కూర్చుంటుంది. ఆగస్టులో కూడా అంత ఎత్తున తెల్లవారుజామున 5 డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్ళడం వింత కాదు, తెల్లారేసరికి గుడారం మంచుతో తడిసి ఉంటుంది.

ఎవరూ నోరు విప్పి మాట్లాడని విషయం మరుగుదొడ్డి. మీరు బుక్ చేసిన లాంటి గ్రూప్ క్యాంప్‌గ్రౌండులో మరుగుదొడ్లు ఉంటాయి. పచ్చిక బయలులో ఏమీ ఉండవు. అక్కడ ఒక్కొక్కరూ నీటికి 200 అడుగుల అవతలకు వెళ్ళి, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు గుంట తవ్వి, పని ముగిశాక పూడ్చి, వాడిన కాగితాన్ని సంచిలో వేసుకుని తిరిగి తీసుకురావాలి. అరవై మంది, రెండు రాత్రులు. మోకాళ్ళు వంగని మీ అత్తగారు టార్చి వెలుగులో ఆ ఎగుడుదిగుడు నేల మీద నడవడం ఒక్కసారి ఊహించుకుని, మీవారిని కూడా ఊహించుకోమనండి. చాలామంది పెద్దవాళ్ళు ఇలాంటి చోట నీళ్ళు తాగడం మానేస్తారు. ఎత్తైన చోట, రక్తపోటు మాత్రలు వేసుకునే మనిషి నీళ్ళు మానేయడం మంచిది కాదు.

ఇక్కడ మీ గురించి కూడా ఒక మాట చెప్పక తప్పదు. వదినగారూ మీరూ వాగులో కూర్చుని గిన్నెలు తోముకుంటూ మాట్లాడుకున్నారని రాశారు. మన ఊళ్ళలో కాలువ గట్టున తోముకున్న అలవాటే అది. కానీ సబ్బు నీరు, అది మట్టిలో కలిసిపోయే రకమని సీసా మీద రాసి ఉన్నా, వాగులో కలపకూడదు. గిన్నెలు ఒడ్డుకు దూరంగా తెచ్చుకుని, టబ్బులో కడిగి, మెతుకులు వడకట్టి చెత్త సంచిలో వేసి, ఆ నీటిని విడిగా చల్లాలి. మంట గురించి మీరు మాట్లాడినప్పుడు ఎవరైనా ఈ సబ్బు సంగతి ఎత్తి చూపితే మీ మాట బలం తగ్గిపోతుంది, కాబట్టి దాన్ని ముందే సరిచేసుకోండి.

వంట గురించి మీరు రాసింది చదివి నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. పప్పు రాత్రి పదింటికి కూడా ఉడకలేదని, అందరూ మిమ్మల్ని ఎగతాళి చేశారని రాశారు. పప్పు ఉడకకపోవడంలో మీ తప్పేమీ లేదు. ఏడున్నర వేల అడుగుల ఎత్తులో నీరు దాదాపు 92 డిగ్రీలకే మరుగుతుంది. ఎంత మంట పెట్టినా మూత లేని గిన్నెలో ఆ వేడి పెరగదు, కందిపప్పు బిరుసుగానే ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ తీసుకెళితే ఆ బాధ తీరుతుంది. కానీ అసలు బాధ అది కాదు కదా. అందరికీ వండేది ఇద్దరు ఆడవాళ్ళు, చప్పట్లు అందుకునేది మంట దగ్గర కూర్చున్నవాళ్ళు. మొదటి రాత్రి భోజనం ఎవరి ఇంటి నుంచి వాళ్ళే తెచ్చుకోవాలని, రెండో రోజు వంట మగవాళ్ళదని ముందే చెప్పేయండి. పులిహోర, పూరీలు, పెరుగు మీకు తెలియనివి కావు. ఆహారం రాత్రిపూట బయటా కార్లలోనూ వదిలేయకూడదు. ఆ అడవిలో నల్ల ఎలుగుబంట్లు ఉంటాయి, వాటికి ఆవకాయ జాడీ వాసన అద్దం తలుపు వెనక నుంచి కూడా తెలుస్తుంది. చాలా క్యాంప్‌గ్రౌండ్లలో ఇందుకోసం ఇనుప పెట్టెలు పెడతారు. పచ్చిక బయలులో ఆ వసతి ఉండదు. అరవై మంది తిండిని అక్కడ ఎక్కడ దాచిపెడతారన్నది ఇంకొక ప్రశ్న.

మీరు లేఖలో ఒక్క వాక్యంలో దాటేసిన విషయం ఒకటుంది. గిన్నెలు తోముతున్నప్పుడు వదినగారు "నాకు మాత్రం ఇష్టమా? ఆయనతో ఎవరు చెబుతారు?" అన్నారని రాశారు. ఇది ఆ లేఖ మొత్తంలోకీ విలువైన వాక్యమని నాకు అనిపించింది. మీరు ఒంటరిగా పోరాడుతున్నాననుకుంటున్నారు, ఆమె కూడా అలాగే అనుకుంటున్నారు. అయితే ఆమెను మీ తరఫున ఆయనతో పోట్లాడమని అడగకండి. ఆ భారం ఆమె మీద వేయడం న్యాయం కాదు. ఒక రోజు ఆమె దగ్గరికి వెళ్ళి, ఈసారి వంట పద్ధతి మారుద్దామని, ఆ మాట ఇద్దరం కలిసి గ్రూపులో పెడదామని అడగండి. అంతవరకు ఆమె సంతోషంగానే ఒప్పుకోవచ్చు.

మీ ముందున్న దారులు నాకు కనిపించినంతవరకు ఇవి. బుకింగ్ ఉంచుకుని, క్యాంప్‌గ్రౌండులోనే ఉండి, పగటిపూట అందరూ ఆ పచ్చిక బయలుకు వెళ్ళి వాగులో ఆడుకుని సాయంత్రానికి తిరిగి రావడం ఒకటి. అన్నయ్యగారు ప్రేమించే చోటు ఆయనకు దక్కుతుంది, రాత్రి మరుగుదొడ్లు మీకు దక్కుతాయి. మంట కోసం అక్కడ పెట్టిన ఇనుప వలయాల్లో మంటకు ఆ వారం అనుమతి ఉంటే ఆయన సరదా కూడా తీరుతుంది. కట్టెలు మాత్రం ఇంటి నుంచి మోసుకెళ్ళకుండా ఆ దగ్గర్లోనే కొనాలి, చెట్లను చంపే పురుగులు కట్టెలతోనే ఊళ్ళు దాటుతాయి. దీనికి మీరు చెల్లించవలసిన మూల్యం కూడా ఉంది. చోటు 50 మందికే కాబట్టి కనీసం 13 మందికి కాదని చెప్పాలి. బుకింగ్ మీ పేరు మీద ఉంది కనుక లెక్క మించినా, రాత్రి పది దాటాక స్పీకర్ మోగినా అడిగేది మిమ్మల్నే. వచ్చిన క్రమంలో పేర్లు ఉంచి మిగతావారిని పగలు వచ్చి వెళ్ళమనవచ్చు, కానీ పగటి అతిథులకు కూడా అక్కడ పరిమితులు ఉండవచ్చు, అడిగి తెలుసుకోండి.

రెండవ దారి, పచ్చిక బయలుకే మూడు నాలుగు కుటుంబాలతో వెళ్ళడం. పర్మిట్ చేతిలో ఉండాలి, కట్టెలు ఉండకూడదు, ఒక పోర్టబుల్ టాయిలెట్ కొనుక్కోవాలి, కార్లు రోడ్డు పక్కనే ఆగాలి. ఇది చక్కగానే ఉంటుంది, అన్నయ్యగారు ఆ షరతులకు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే. ఒప్పుకున్నట్టు నటిస్తే మాత్రం మీరు రెండు రాత్రులూ కాపలాదారుగా కూర్చుంటారు. గత ఏడాది మీరు చూసినదాన్ని బట్టి దీన్ని నేను గట్టిగా సూచించలేను.

మూడవది, రాత్రులు మీ కుటుంబం పైన్‌క్రెస్ట్, స్ట్రాబెరీ, ట్వైన్ హార్ట్ లాంటి ఊళ్ళలో ఒక క్యాబిన్ తీసుకుని ఉండి, పగలు స్నేహితులతో గడపడం. ఖర్చు ఎక్కువ, కొందరు ఎత్తిపొడుస్తారు కూడా. కానీ అత్తమామలకు ఇదే సుఖం. పైన్‌క్రెస్ట్ 5,600 అడుగుల ఎత్తులో ఉంది, పచ్చిక బయలుకన్నా ఊపిరి తేలిక, సొనోరా ఊళ్ళోని ఆసుపత్రికి కూడా దగ్గర. వాళ్ళకు విజిటర్స్ ఇన్సూరెన్స్ తీసుకున్నారో లేదో, అందులో పాత జబ్బులకు ఏమి వర్తిస్తుందో ఈ వారమే చూసుకోండి. కానీ ఒక జాగ్రత్త. అత్తమామలకు ఏది ఇష్టమో వాళ్ళను అడిగినట్టు మీ లేఖలో ఎక్కడా లేదు. మీవారు వాళ్ళు ఆనందిస్తారంటారు, మీరు వాళ్ళు కష్టపడతారంటారు. గుడారం, గుంట, చలి అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పి వాళ్ళనే అడగండి. మామగారు వస్తానని ఉత్సాహపడితే, వాళ్ళ ఆరోగ్యాన్ని మీరు సాకుగా వాడుకున్నారన్న సంగతి రేపు అందరికీ తెలిసిపోతుంది.

నాలుగవది ఈ ఏడాదికి మానేయడం. అన్నయ్యగారు నొచ్చుకుంటారు, వాట్సాప్ గ్రూపులో కొంతకాలం మౌనం ఉంటుంది. కానీ మొన్న ఉగాదికి మళ్ళీ కలిశారంటే, ఆ స్నేహం ఒక మౌనాన్ని తట్టుకోగలదని తేలింది కదా. మీరు బుకింగ్ రద్దు చేసి పక్కకు తప్పుకుంటే మిగిలిన అరవై మందీ ఆ పచ్చిక బయలుకే వెళతారన్నది కూడా గుర్తుంచుకోండి. అందుకే, మానుకున్నా సరే, బుకింగ్‌ను మరొకరి పేరుకు మార్చే వీలుందో లేదో చూశాకే రద్దు గురించి ఆలోచించండి.

నన్ను అడిగితే మొదటి దారికి మూడవదాన్ని కలుపుతాను. స్నేహితులు క్యాంప్‌గ్రౌండులో, పెద్దవాళ్ళు క్యాబిన్లో, మీలో ఒకరు వాళ్ళతో. నిర్ణయం మీది.

దీన్ని అన్నయ్యగారికి ఎలా చెప్పాలన్నది మిగిలింది. గ్రూపులో రాయవద్దు. గత ఏడాది మీ సందేశంలోని విషయం సరైనదే, కానీ ముప్పై మంది చూస్తుండగా చెప్పడం వల్ల ఆయనకు ఒప్పుకునే దారి లేకుండా పోయింది. పెద్దరికం ఉన్న మనిషి నలుగురిలో వెనక్కి తగ్గడు. ఈసారి మాట్లాడవలసింది మీవారు. ఆ స్నేహం, ఆ ఋణం, ఆ ఉద్యోగం మీవారివే. ఇంతకాలం మీరు చెడ్డవారు కావడం, మీవారు మంచివారుగా మిగలడం జరిగింది. ఈ మాట మీవారితో కోపంగా కాకుండా, కానీ స్పష్టంగా చెప్పండి.

మాట్లాడే ముందు పైన్‌క్రెస్ట్‌లో ఉన్న ఫారెస్ట్ సర్వీస్ వారి సమ్మిట్ రేంజర్ డిస్ట్రిక్ట్ కార్యాలయానికి ఫోన్ చేసి, ఆ రోడ్డు పేరు చెప్పి, ఎంతమంది ఉండవచ్చు, కార్లు ఎక్కడ ఆపాలి, ఆంక్షలు ఎప్పటి నుంచి అని అడగండి. లేదా ఆ ఫోన్ అన్నయ్యగారినే చేయమనడం ఇంకా మేలు. మీ నోట విన్నప్పుడు అది చిన్నవాళ్ళ ఆక్షేపణ అవుతుంది, రేంజర్ నోట విన్నప్పుడు సమాచారం అవుతుంది. అలాగే క్యాంప్‌ఫైర్ పర్మిట్ ఆయన పేరు మీదే తీసుకోమని అడగవచ్చు. ఆ వీడియో ఆయన చూస్తారు, ఆ కాగితం మీద ఆయన పేరు ఉంటుంది. బాధ్యత తనదని తెలిస్తే చాలామంది పెద్దలు జాగ్రత్తగానే ఉంటారు. మీవారికి ఉద్యోగం దొరికేదాకా నిద్రపోని మనిషి కదా ఆయన, ఆ గుణాన్నే నమ్మి అడగండి.

ఏ దారిన వెళ్ళినా, ఆంక్షలు ఉండగా ఎవరైనా మంట వెలిగిస్తే ఏం చేస్తారో మీరూ మీవారూ ఇప్పుడే మాట్లాడుకోండి. మీ కారు రోడ్డు వైపు తిప్పి నిలపండి, పిల్లల్ని ఎక్కించి, ఉపన్యాసం ఇవ్వకుండా బయలుదేరండి. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదనుకోండి. ఐఫోన్ 14 నుంచి వచ్చిన ఫోన్లలో అత్యవసర సందేశాన్ని ఉపగ్రహం ద్వారా పంపే వీలుంది, దాన్ని ఇంటి దగ్గరే ఒకసారి తెరిచి నేర్చుకోండి. మంట పాకుతున్నట్టు కనిపిస్తే ఎవరు వేశారన్నది ఆలోచించకుండా అత్యవసర నంబరు 911కు చెప్పాలి. "రేంజర్‌కు ముందే ఫిర్యాదు చేయనా" అని మీరు అడిగారు. ఇంకా జరగని దానికి ఫిర్యాదు అవసరం లేదు, పైన చెప్పిన ఫోన్ చాలు.

బుకింగ్ రద్దుకు గడువు తేదీ మీ రసీదు మీద ఉంటుంది. ఆ తేదీకి వారం ముందే మీవారు అన్నయ్యగారి ఇంటికి వెళ్ళేలా చూడండి, మీరు వెళ్ళనక్కరలేదు. ఆయన ఒప్పుకుంటే ఆ సాయంత్రమే వదినగారూ మీరూ వంట సంగతి గ్రూపులో పెట్టేయండి. ఒప్పుకోకపోతే పైన్‌క్రెస్ట్‌లో క్యాబిన్ ఖాళీ ఉందేమో ఆ రాత్రే చూడండి, ఆగస్టు వారాంతాలకు అవి త్వరగా నిండిపోతాయి.